టలూలా గార్జ్: అట్లాంటా నుంచి వేసవిలో ఒక రోజు ప్రయాణం

అట్లాంటా ఉత్తర శివార్లలో ఉండే తెలుగు కుటుంబాలకు ఏటా జూన్, జులై నెలల్లో ఒకే సమస్య ఎదురవుతుంది. పిల్లలకు బడి సెలవులు, ఇంట్లో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఉద్యోగానికి సెలవు పెట్టే వీలు లేని పెద్దలు. శనివారం పొద్దున బయలుదేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరేంత దూరంలో చూడదగ్గ చోటు ఏదని ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. నన్ను అడిగినవారికి నేను ముందుగా చెప్పే పేరు టలూలా నది లోయ చుట్టూ ఉన్న టలూలా గార్జ్ స్టేట్ పార్క్. జార్జియాలో ఇంతకన్నా ఎత్తయిన జలపాతాలు, ఇంతకన్నా సులువుగా చేరగల జలపాతాలు ఉన్నాయి. అయినా వేసవి ప్రయాణానికి దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. అందులోనూ లోయ అడుగు దాకా దిగాలనుకునేవారికి వేసవే అనువైన కాలమని నా గట్టి అభిప్రాయం.

దారి విషయంలో తికమక లేదు. ఐ-85 రహదారి మీద ఉత్తరానికి వెళ్లి ఐ-985లోకి మళ్లితే, గెయిన్స్‌విల్ దాటాక అదే రోడ్డు హైవేగా కొనసాగి, కార్నీలియా మీదుగా కొండల్లోకి తీసుకువెళుతుంది. నగరం నడిబొడ్డు నుంచి తొంభై మైళ్ల పైచిలుకు ఉంటుంది కనుక గంటన్నర నుంచి రెండు గంటల ప్రయాణం అనుకోవాలి. తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రమైతే మాత్రం ఐ-985 ఐ-85లో కలిసే చోట వాహనాలు బారులు తీరి ఉంటాయి. అందుకే నా ఓటు శనివారానికే.

లోయ పొడవు సుమారు రెండు మైళ్లు, లోతు దాదాపు 1,000 అడుగులు. క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతిని టలూలా నది యుగాల తరబడి కోసుకుంటూ వెళ్లగా ఏర్పడిన నిలువు గోడలు రెండు వైపులా నిలబడి ఉంటాయి. ఒకప్పుడు ఈ జలపాతాల హోరు మైళ్ల దూరం వినిపించేదట. 1882లో రైలు మార్గం వచ్చాక దక్షిణాది నయాగరా అని పేరు పడి, లోయ అంచున హోటళ్లు వెలిశాయి. ఆ తరువాత జార్జియా రైల్వే అండ్ పవర్ సంస్థ (ఇప్పటి జార్జియా పవర్) అట్లాంటా విద్యుత్ అవసరాల కోసం ఆనకట్ట తలపెట్టినప్పుడు హెలెన్ డార్ట్చ్ లాంగ్‌స్ట్రీట్ అనే మహిళ నదిని కాపాడాలని పెద్ద ఎత్తున ఉద్యమించారు, కాని ఆ పోరాటం నెగ్గలేదు. 1913 నాటికి నీరు కొండను తొలిచి వేసిన సొరంగం గుండా విద్యుత్ కేంద్రానికి మళ్లిపోయింది. లోయలో మిగిలింది సన్నని ప్రవాహం. 1993లో స్టేట్ పార్క్ ఏర్పడ్డాక, ఏడాదిలో ఎంచిన కొన్ని రోజుల్లో ఆనకట్ట నుంచి అదనంగా నీరు వదలడం మొదలైంది. ఇప్పుడు పడవలవాళ్లు ఏప్రిల్, నవంబర్ వారాంతాల కోసం ఎదురు చూసేది అందుకే.

ఈ చరిత్ర ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వేసవిలో వెళితే నీళ్లు తక్కువగా ఉంటాయని కొందరు పెదవి విరుస్తారు. ఆ మాట నిజమే. కాని నీటి విడుదల ఉన్న రోజుల్లో లోయ అడుగుకు దిగనివ్వరు. పైనుంచి చూసి తిరిగి రావలసిందే. ఆ విడుదలలు ఎక్కువగా వసంతంలోనూ ఆకురాలు కాలంలోనూ ఉంటాయి కనుక, ప్రవాహం పలచబడిన వేసవిలోనే నదిగర్భంలో బండల మీద నడిచే భాగ్యం దక్కుతుంది. ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటారని నన్ను అడిగితే ఆలోచించకుండా రెండోదే అంటాను.

అడుగుకు దిగడానికి పర్మిట్ కావాలి. రోజుకు 100 మందికే ఇస్తారు. ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే వీలు లేదు. ఆ రోజు పొద్దున్నే స్వయంగా జేన్ హర్ట్ యార్న్ ఇంటర్‌ప్రెటివ్ సెంటర్ అనే సందర్శకుల కేంద్రానికి వెళ్లి అడగాలి. వేసవి వారాంతాల్లో తెరిచిన కొద్దిసేపటికే అవి అయిపోతాయి కాబట్టి తెల్లవారుజామునే ఇల్లు వదలక తప్పదు. చెప్పులు, క్రాక్స్ వంటివి వేసుకుని వస్తే పర్మిట్ ఇవ్వరు. వెనక పట్టీ, పట్టుగల అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. రాత్రి వాన పడి బండలు తడిసి ఉంటే ఆ రోజు ఎవరికీ ఇవ్వరు. ఇంత దూరం వచ్చాక కాదంటారేమిటని విసుక్కునేవారున్నారు. నేను మాత్రం ఈ కచ్చితత్వాన్నే ఈ పార్కు నిర్వహణలో మొదటి మంచి గుణంగా లెక్కిస్తాను. తడిసిన ఆ రాతి మీద కాలు నిలవదు. కాలు విరిగినవారిని ఆ నిలువు గోడల మధ్య నుంచి పైకి చేర్చడం ఎంత కష్టమో అక్కడ నిలబడి పైకి చూస్తే అర్థమవుతుంది. పైగా వంద మందికే పరిమితం చేసినందువల్ల, జులై నెల శనివారమైనా లోయలో నీటి చప్పుడు మనిషి గొంతుల కింద అణగిపోదు.

పర్మిట్ చేతికి వచ్చాక దారి మెట్లతో మొదలవుతుంది. వేలాడే వంతెన దాకా 300కు పైగా మెట్లు, అక్కడి నుంచి హరికేన్ జలపాతం పాదం దాకా మరో 200కు పైగా. నది మీద 80 అడుగుల ఎత్తున ఉన్న ఆ వంతెన ఎదురుగా మనుషులు వస్తుంటే కొద్దిగా ఊగుతుంది. పలకల సందుల్లోంచి కింద తెల్లటి నురగ కనిపిస్తుంది. భయపడే పిల్లలను మధ్యలో ఆగి నిలబడమంటే రెండు నిమిషాల్లో ఆ భయం పోయి, అక్కడి నుంచి కదలబోమని మారాం చేస్తారు. పర్మిట్ దొరకనివారు కూడా ఈ వంతెన మీదికి, దాని కింద హరికేన్ జలపాతం ఎదుట కట్టిన వేదిక దాకా వెళ్లవచ్చు. ఇంత దూరం వచ్చి అది చూడకుండా వెనుదిరగవద్దు.

వేదిక దాటితే మెట్లు లేవు, దారి లేదు. నదిని దాటి అవతలి ఒడ్డున బండ నుంచి బండకు అడుగు వేస్తూ దిగువకు సాగాలి. బూడిదరంగు బండలు ఎండకు వెచ్చగా ఉంటాయి. నీటి అంచున పాచి పట్టి నల్లగా మెరిసే చోట అడుగు పెట్టకూడదని పిల్లలకు ముందే చెప్పాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కనుక వీపు సంచి తప్ప ఇంకేమీ పట్టుకోకూడదు. అలా వెళ్లగా వెళ్లగా బ్రైడల్ వీల్ జలపాతం వస్తుంది. ఏటవాలుగా పరుచుకున్న విశాలమైన నున్నటి బండ మీద నీరు పలచగా జారుతూ కింద మడుగులో పడుతుంది. లోయలో నీటిలోకి దిగనిచ్చేది ఇక్కడే. పెద్దలు, పిల్లలు ఆ బండ మీద కూర్చుని జారుతూ మడుగులోకి పడుతుంటారు. అట్లాంటాలో తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజున ఆ నీళ్లలో మెడ దాకా మునిగినవారికి దిగిన మెట్లు, నడిచిన బండలు అన్నీ మరుపుకు వస్తాయి.

తిరిగి పైకి చేరే స్లైడింగ్ రాక్ దారి మాత్రం కఠినం. నిట్టనిలువు ఎక్కుడు, వేర్లు, రాళ్లు పట్టుకుని పాకవలసిన చోట్లు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు, చిన్న పిల్లలను ఎత్తుకోవలసినవారు ఈ దారి తలపెట్టవద్దని నిర్మొహమాటంగా చెబుతున్నాను. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఈ కొండల మీద ఉరుముల వానలు తరచూ వస్తాయి కనుక మధ్యాహ్నం రెండు గంటలకల్లా పైకి వచ్చేలా లెక్క వేసుకోవాలి.

మరి అమ్మానాన్నల సంగతి? వాళ్లకు ఇక్కడ చేయదగినది లేకపోలేదు. ఉత్తరపు అంచున ఉన్న వ్యూ పాయింట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, నడక పెద్దగా అలసట కలిగించదు. 1970 జులై 18న కార్ల్ వలెండా అనే సర్కస్ కళాకారుడు 65 ఏళ్ల వయసులో ఈ లోయకు అడ్డంగా కట్టిన తీగ మీద నడిచి, మధ్యలో రెండుసార్లు తలకిందులుగా నిలబడ్డారు. ఆ తీగ కోసం నిలిపిన ఇనుప టవర్ తుప్పు పట్టి నేల మీద పడి ఉండటం ఇప్పటికీ చూడవచ్చు. అక్కడ నిలబడి ఎదుటి గట్టుకేసి చూసిన పెద్దవాళ్లు కాసేపు మాట్లాడకుండా ఉండిపోతారు. పాత రైలు మార్గం వెంట వేసిన షార్ట్‌లైన్ దారి చదునుగా ఉంటుంది, చంటిపిల్లల బండి తోసుకుంటూ నడవవచ్చు. అయితే కుటుంబంలో అందరూ కలిసి ఒకే జలపాతం చూడాలన్నదే మీ కోరిక అయితే డాసన్‌విల్ దగ్గరున్న అమికలోలా మేలు. 729 అడుగుల ఆ జలపాతం పైభాగం దాకా కారులోనే వెళ్లవచ్చు, 604 మెట్లు ఎక్కే ఓపిక ఉన్నవారు కింద నుంచి రావచ్చు. హెలెన్ అనే ఊరి దగ్గరి ఆనా రూబీ జంట జలపాతాలకు తారు దారి ఉంది, కాని అది ఫెడరల్ అటవీ శాఖ కింద ఉన్నందున స్టేట్ పార్కుల పార్కింగ్ పాస్ అక్కడ చెల్లదు. హెలెన్ ఊరిలో ట్యూబింగ్, అంటే గాలి ట్యూబుల మీద నదిలో తేలుతూ సాగడం, సరదాయే అయినా వేసవి శనివారాల్లో ఆ జనసందోహం నాకు నచ్చదు.

ఖర్చు విషయానికి వస్తే టలూలాలో మనిషికి టికెట్ లేదు, కారుకు పార్కింగ్ రుసుము మాత్రమే. పర్మిట్‌కు విడిగా ఏమీ చెల్లించనక్కరలేదు. జార్జియా పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాల మాదిరే పార్క్ పాస్‌ను కూడా అరువిస్తాయన్న సంగతి చాలామందికి తెలియదు. లైబ్రరీ కార్డు ఉన్నవారు కొన్ని వారాల ముందే అడిగి పెట్టుకుంటే ఆ రుసుము కూడా మిగులుతుంది. పార్కు ఆవరణలో చెప్పుకోదగ్గ భోజనశాల లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం పిక్నిక్ బల్లల దగ్గర తినడమే ఉత్తమం.

పొద్దున్నే వెళ్లినా పర్మిట్లు అయిపోయాయనుకోండి, అప్పుడేం చేయాలన్నది ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వెళ్లాలి. వంతెన, వ్యూ పాయింట్లు చూసి, పార్కుకే చెందిన చెరువు గట్టున ఇసుక తీరంలో పిల్లలను ఈతకు వదలవచ్చు. లేదా మరికొంత ఉత్తరానికి క్లేటన్ దాటి బ్లాక్ రాక్ మౌంటెన్ స్టేట్ పార్క్‌కు వెళ్లవచ్చు. 3,640 అడుగుల ఎత్తుతో జార్జియా స్టేట్ పార్కులన్నిటిలోకీ ఎత్తయినది అదే కనుక అట్లాంటా ఉక్కపోతకు అలవాటుపడిన ఒంటికి అక్కడి గాలి హాయిగా తగులుతుంది. టలూలాలో పొద్దున కట్టిన పార్కింగ్ రుసుమే అదే రోజు అక్కడా చెల్లుతుంది, రసీదు కారు అద్దం దగ్గరే ఉంచుకోండి.