రెండు రహస్యాలు, రెండు దారులు
క్యూబా విషయంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ ప్రభుత్వం రెండుసార్లు గుట్టుగా నిర్ణయాలు తీసుకుంది. క్యూబాలో క్యాస్ట్రో ప్రభుత్వాన్ని కూలదోయడానికి 1961 ఏప్రిల్‌లో జరిగిన బే ఆఫ్ పిగ్స్ దాడిని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో రూపొందించినవారే బేరీజు కూడా వేశారు. అదే సంస్థలోని విశ్లేషణ విభాగాన్ని అడగనేలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు మరి! సుమారు 1,400 మంది ప్రవాస క్యూబన్లు దిగితే, మూడు రోజుల్లోనే అంతా కుప్పకూలింది. 1,100 మందికి పైగా బందీలయ్యారు.

క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడిన 1962 అక్టోబరు సంక్షోభంలోనూ గోప్యత తక్కువేమీ కాదు. కానీ ఈసారి సలహాదారులు జట్లుగా విడిపోయి ఒకరి ప్రణాళికను మరొకరు తూర్పారబట్టారు. తన ముందు నోరు విప్పరేమోనని కెనెడీ కొన్ని సమావేశాలకు దూరంగా ఉన్నారు. మొదట మొగ్గు చూపిన వైమానిక దాడి పక్కకు పోయి, నౌకా దిగ్బంధం నిలిచింది. ఇలా ఒకరినొకరు ప్రశ్నించుకునే పద్ధతికే నా ఓటు. అయితే రెండోసారి అదృష్టమూ కొంత కలిసొచ్చింది.