రేసింగ్ బీఎంఎక్స్ అని స్టంట్ సైకిల్ అంటగట్టాడు: పాలమూరు తల్లిదండ్రులు జాగ్రత్త

పాత స్పోర్ట్స్ సైకిళ్ళు అమ్మే ఒక హైదరాబాద్ వ్యాపారి దగ్గర మా అబ్బాయికి సైకిల్ కొని మోసపోయాను. పారిస్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ రేసులు (దిబ్బల ట్రాక్ మీద చిన్న సైకిళ్ళతో జరిగే పోటీలు) చూసినప్పటి నుంచి మా అబ్బాయికి అదే ధ్యాస. పన్నెండేళ్ళ పిల్లవాడు రేసింగ్ నేర్చుకోవడానికి సైకిల్ కావాలని నేను ఫోన్‌లో స్పష్టంగా చెప్పి, 14,000 రూపాయలు ముందే పంపాను. "అసలు సిసలు రేసింగ్ బండి సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు. అక్షరాలా కళ్ళు మూసుకునే తీసుకున్నాను.

ఆర్టీసీ కార్గోలో మహబూబ్‌నగర్ చేరిన పార్సిల్ విప్పగానే మొదట కనిపించినవి రెండు చక్రాల ఇరుసులకూ బిగించిన ఇనుప పెగ్గులు, అంటే బయటికి పొడుచుకొచ్చే పొట్టి గొట్టాలు. అవి రెయిలింగుల మీద జారే స్టంట్ల కోసం. రేసులో ఎనిమిది మంది గేటు నుంచి పక్కపక్కనే దూసుకొస్తారు కాబట్టి, బయటికి పొడుచుకొచ్చిన అలాంటి వస్తువులను అనుమతించరు. హ్యాండిల్ కింద జైరో అనే పరికరం కూడా ఉంది. హ్యాండిల్‌ను గిరగిరా తిప్పే వాడికి బ్రేకు వైరు మెలిపడకుండా అది పనికొస్తుంది గానీ, మూడు నాలుగు వందల మీటర్ల ట్రాక్‌లో దూసుకుపోవాల్సిన వాడికి బరువు మాత్రమే. రేసుకు తప్పనిసరిగా కావలసినది గట్టిగా పట్టే వెనక బ్రేకు. ఈ మహాసైకిల్‌కు లీవరును గ్రిప్పు తాకేదాకా నొక్కినా చక్రం హాయిగా తిరుగుతూనే ఉంది. పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద పెడితే 13 కిలోలు తూగింది, రేసు బండికి అది మరీ బరువు.

ఫ్రేము ముందు గొట్టం వెల్డింగ్ దగ్గర కొత్త స్టిక్కరు ఒకటి మెరుస్తూ ఉంది. అనుమానం వచ్చి గోరుతో అంచు లేపితే, కింద లప్పం పూసి రంగు కొట్టిన పగులు బయటపడింది. పిల్లవాడు దిబ్బ మీద నుంచి దూకి దిగినప్పుడు దెబ్బ గట్టిగా పడే చోట్లలో అదొకటి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ తర్వాత అతను అన్న మాట ఒక ఎత్తు. నేను స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. మా అబ్బాయి పక్కనే స్పానర్‌తో పెగ్గులు విప్పుతున్నాడు. పగులు సంగతి అడిగితే జవాబు లేదు. ఇది రేసు సైకిల్ ఎలా అవుతుందని అడిగితే మాత్రం నవ్వి, "పాలమూరుల రేసు ట్రాక్ ఎక్కడుంది సార్? గల్లీల తొక్కే పిల్లగానికి ఇది చాలదా?" అన్నాడు. మా వాడి చేతిలో స్పానర్ ఆగిపోయింది. అంటే, మా ఊరి పేరు చెప్పిన క్షణంలోనే మాకు ఏ సరుకు సరిపోతుందో ఆ మహానుభావుడు నిర్ణయించేశాడన్న మాట! ట్రాక్ లేకపోతే మట్టి దిబ్బలు పోసుకుంటాం. దేశంలోని ఆనకట్టలకు మట్టి మోసిన జిల్లాకు నాలుగు దిబ్బలు పోయడం ఒక పనా?

డబ్బు వాపసు అడిగితే "వాడిన సరుకుకు వాపసు ఉండదు" అని నంబరు బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.

కొనబోయే వారికి ఒకటి రెండు మాటలు. నేర్చుకోవడం మొదలుపెట్టే పిల్లవాడికి రేసు సైకిలే అక్కర్లేదు. పగుళ్ళు లేని, బ్రేకు పట్టే 20 అంగుళాల సైకిల్‌కు స్టాండు, మడ్‌గార్డులు, రిఫ్లెక్టర్లు విప్పేసి, హ్యాండిల్ చివర్లు గ్రిప్పులతో మూసేస్తే చాలు. ముందుగా డబ్బు పెట్టవలసింది ముఖమంతా కప్పే హెల్మెట్ మీద, గ్లౌజుల మీద. హెల్మెట్ మాత్రం పాతది కొనకండి. సైకిల్ పాతదైతే వెల్డింగుల దగ్గరి వీడియో పంపమనండి, స్టిక్కర్లు ఉంటే తీసి చూపించమనండి.

అతను నాకు పంపిన ఫొటోలు వేరే సైకిల్‌వి: నల్ల ఫ్రేము, పసుపు గ్రిప్పులు, వెనక ఇటుక గోడ. అవే ఫొటోలతో ఈ ఉదయం మళ్ళీ అమ్మకానికి పెట్టాడు.