టీవీ రికార్డింగ్‌కు రాస్ప్‌బెర్రీ పై మేలా, వాడిన మినీ పీసీ మేలా?

మా ఇంటి డాబా మీద డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఉంది. సప్తగిరిలో వచ్చే శాస్త్రీయ సంగీతమంటే అమ్మకు ప్రాణం, కానీ అది వచ్చే వేళకు ఆమె పూజలోనో వంటలోనో ఉంటుంది. ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు చూసేలా రికార్డు చేసి పెట్టాలి. అందుకు చిన్న కంప్యూటర్ ఒకటి, ఉపగ్రహ ప్రసారాన్ని అందుకునే డీవీబీ-ఎస్2 ట్యూనర్ ఒకటి, లైనక్స్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ టీవీహెడ్ఎండ్ ఉంటే చాలు. ప్రైవేటు డీటీహెచ్ సంస్థల చెల్లింపు ఛానెళ్లకు తాళం వేసి ఉంటుంది కాబట్టి అవి ఈ పద్ధతిలో రావు. ఇక్కడ చెప్పేదంతా ఉచితంగా ప్రసారమయ్యే ఛానెళ్ల గురించే.

కంప్యూటర్ ఎంచుకునేటప్పుడు చాలామంది మొదట ప్రాసెసర్ వేగం చూస్తారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. ఉపగ్రహం నుంచి వచ్చే ప్రసారం ముందే కుదించి ఉంటుంది. ట్యూనర్ అందుకున్నదాన్ని కంప్యూటర్ ఉన్నదున్నట్టు డిస్కు మీద రాసేస్తుంది, అంతే. సెకనుకు 3 మెగాబిట్ల ఛానెల్ అనుకుంటే గంట కార్యక్రమం 1.35 గిగాబైట్లు. ఒకే ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో కొన్ని ఛానెళ్లను కలిపి పంపే భాగం) మీద ఉన్న నాలుగు ఛానెళ్లను ఒక్క ట్యూనర్‌తో ఒకేసారి రికార్డు చేయవచ్చు. అప్పుడు కూడా డిస్కు మీద పడే భారం సెకనుకు ఒకటిన్నర మెగాబైట్లే. ఎంత పాత యంత్రమైనా ఈ పని చేస్తుంది.

రికార్డింగ్‌ను చెడగొట్టేవి వేరే ఉన్నాయి: కరెంటు పోవడం, గడియారం తప్పడం, డిస్కు మధ్యలో ఊడిపోవడం. నేను ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకునే తూకం వేస్తాను.

రాస్ప్‌బెర్రీ పై 4 సంగతి చూద్దాం. 2019లో వచ్చిన ఈ చిన్న కంప్యూటర్ బోర్డులో యూఎస్‌బీ 3, గిగాబిట్ నెట్‌వర్క్ రెండూ ఉన్నాయి. శబ్దం లేదు, విద్యుత్తు కొద్దిగానే తాగుతుంది. కానీ బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఆన్ అయిన ప్రతిసారీ ఇంటర్నెట్‌ను అడిగి సమయం తెలుసుకుంటుంది. రాత్రి కరెంటు పోయి వచ్చి, నెట్ మాత్రం రాలేదనుకోండి. ఆపేసిన నాటి సమయమే ఇంకా నడుస్తోందని అది నమ్ముతుంది, ఆరున్నరకు మొదలుకావలసిన రికార్డింగ్ ఆరున్నరకు మొదలుకాదు. చిన్న గడియారం మాడ్యూల్ విడిగా కొని తగిలిస్తే ఈ లోటు తీరుతుంది. రాస్తుండగా కరెంటు పోతే ఎస్‌డీ కార్డు పాడయ్యే ప్రమాదం ఒకటి ఉంది కాబట్టి సిస్టమ్‌ను ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) మీద పెట్టుకోవాలి. డిస్కుకు బోర్డు యూఎస్‌బీ నుంచి కాకుండా సొంత అడాప్టర్ నుంచి విద్యుత్తు ఇవ్వడం క్షేమం.

2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో గడియారం ఉంది, దాని చిన్న బ్యాటరీ మాత్రం వేరుగా కొనాలి. ఇది పూర్తి శక్తితో నడవాలంటే 5 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. సాధారణ 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే యూఎస్‌బీ పోర్టులన్నింటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే వదులుతుంది, దాంతో తిరిగే డిస్కు నిలబడడం కష్టం. బోర్డు, అడాప్టర్, ఫ్యాన్, డబ్బా, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ అన్నీ లెక్క రాసి కూడితే చవక అన్న మాట నిలవదు. ఇప్పటికే ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై ఉంటే దాన్నే వాడుకోండి, చక్కగా పనికొస్తుంది. కొత్తగా కొనేవారికి మాత్రం నేను చెప్పను.

రెండోది ఇంటెల్ ఎన్100 ఉన్న కొత్త మినీ పీసీ. 6 వాట్ల తరగతికి చెందిన నాలుగు కోర్ల ప్రాసెసర్ ఇది. దీని అసలు బలం వీడియోను మార్చే హార్డ్‌వేర్‌లో ఉంది. ఫ్రీ డిష్‌లో ఇంకా ఎంపెగ్-2 అనే పాత వీడియో పద్ధతిలో వచ్చే ఛానెళ్లున్నాయి. ఆ రికార్డింగులను టీవీకి తగిలించిన పెట్టెలో కోడి (Kodi) అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో నేరుగా చూడవచ్చు గానీ, ఫోను బ్రౌజర్‌లో చూడాలంటే హెచ్.264 అనే పద్ధతిలోకి మార్చాలి. ఊళ్లో అమ్మ రికార్డు చేసుకున్నదాన్ని డల్లాస్‌లో ఉన్న కూతురు ఫోనులో చూడాలనుకుంటే ఈ మార్పిడి ప్రతిసారీ జరగాలి. ఎన్100 ఆ పని అవలీలగా చేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 5లో హెచ్.264 తయారుచేసే హార్డ్‌వేర్ లేదు, భారమంతా ప్రాసెసరే మోయాలి. ఇంకో సుగుణం: ఈ పెట్టెల్లో చాలావాటికి 12 వోల్టుల అడాప్టర్ వస్తుంది. ఆంపియర్లు సరిపోతే రౌటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్‌తోనే నడపవచ్చు. కొనేముందు లోపల 2.5 అంగుళాల డిస్కుకు చోటుందో లేదో తప్పక చూడండి, చాలావాటిలో ఉండదు.

మూడోది ఆఫీసులు వాడి వదిలేసిన మినీ పీసీ. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఈ కోవలోవి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల వెతకవచ్చు. నా మొగ్గు వీటివైపే. ఎం.2 ఎస్ఎస్‌డీ మీద సిస్టమ్, 2.5 అంగుళాల అరలో రికార్డింగుల డిస్కు, రెండూ పెట్టె లోపలే ఇముడుతాయి. నేను ఒకప్పుడు డిస్కును బయట యూఎస్‌బీ డబ్బాలో పెట్టి నడిపాను. అది వారానికోసారి కంప్యూటర్‌కు కనబడకుండా పోయేది, ఒక కచేరీ సగంలోనే ఆగిపోయింది. ఆ రోజు నుంచి డిస్కు లోపల ఉండాలన్నది నా మొదటి షరతు. గడియారం మదర్‌బోర్డు మీదే ఉంటుంది. కరెంటు రాగానే తనంతట తానే ఆన్ కావాలని బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) ఒక్కసారి చెబితే చాలు. పాత యంత్రం కాబట్టి సీఆర్2032 నాణెం బ్యాటరీని కొన్న రోజే మార్చేయండి. ఐ5-8500టీ లాంటి ఎనిమిదో తరం ప్రాసెసర్ దొరికితే ఫోన్ల కోసం మార్పిడికీ లోటుండదు.

కరెంటు ఖర్చు గురించి భయపెడతారు. ఏడాది పొడవునా ఆగకుండా నడిచే 5 వాట్ల యంత్రానికి 44 యూనిట్లు, 10 వాట్లదానికి 88 యూనిట్లు. ఏడాదికి 44 యూనిట్ల తేడా కోసం గడియారాన్నీ లోపలి డిస్కునూ వదులుకోను.

పాత లాప్‌టాప్ ఉంటే దాని బ్యాటరీయే యూపీఎస్. అయితే ఎప్పుడూ చార్జింగ్‌లో ఉండే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది, అప్పుడప్పుడు అడుగు భాగం తడిమి చూస్తుండాలి.

ఏది కొన్నా ట్యూనర్‌ను మరవకండి. గొడుగు మీద సంకేతాన్ని అందుకునే ఎల్ఎన్‌బీ అనే పరికరానికి 13 లేదా 18 వోల్టులు పంపేది ట్యూనరే. అందుకే దీనికి తరచుగా వేరే అడాప్టర్ ఉంటుంది. కంప్యూటర్‌ను ఇన్వర్టర్ లైనులో పెట్టి, ట్యూనర్‌ను మామూలు ప్లగ్గులో వదిలేస్తే కరెంటు పోయిన సమయంలో ఏమీ రికార్డు కాదు.

అన్నీ అమర్చాక నేను చేసే పరీక్ష ఇది. పావుగంట తర్వాత మొదలయ్యేలా ఒక రికార్డింగ్ పెడతాను. నెట్ కేబుల్ పీకేసి, మెయిన్ స్విచ్ ఆపి, అయిదు నిమిషాల తర్వాత మళ్లీ వేస్తాను. ఇంకేదీ ముట్టుకోకుండా, అనుకున్న నిమిషానికి ట్యూనర్ దీపం వెలుగుతుందా అని చూస్తాను.