స్టూ కోసం కొన్న కుండ, రొట్టెకి కుదిరింది

మేం డబ్లిన్‌లో ఉంటాం. మార్చి 17, సెయింట్ పాట్రిక్స్ డే, ఇక్కడ సెలవు. ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ ఐరిష్ వంట చెయ్యడం మాకు అలవాటైంది. అందుకోసమే ఎనామెల్ పూత ఉన్న కాస్ట్ ఐరన్ కుండ కొన్నాను. కొన్నేళ్లుగా వాడుతున్నాను.

స్టూ గురించి ఎక్కువ చెప్పను. గొర్రె మెడ మాంసం, ఉల్లిపాయలు, రూస్టర్ దుంపలు (ఇక్కడ దొరికే ఒక రకం బంగాళాదుంపలు), ఉప్పు, మిరియాలు, ఒవెన్‌లో 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు. కొన్ని దుంపలు సన్నగా తరిగి అడుగున వేస్తే కరిగిపోయి పులుసు దానంతటదే చిక్కబడుతుంది. కొత్తలో ఈ ఘనతంతా కుండదేనని అందరికీ చెప్పాను. నిజానికి బిగుతైన మూత ఉన్న మందపాటి గిన్నె ఏదైనా ఈ పని చేస్తుంది. ఇక్కడివాళ్లు ఆ రోజు వండుకునే బేకన్ (ఉప్పులో ఊరేసిన పంది మాంసం), క్యాబేజీకైతే మామూలు గిన్నె చాలు.

నన్ను కట్టిపడేసింది సోడా బ్రెడ్. 450 గ్రాముల మైదా, టీ చెంచాడు వంట సోడా, టీ చెంచాడు ఉప్పు, 350 నుంచి 400 మిల్లీలీటర్ల పుల్ల మజ్జిగ. ఈస్ట్ లేదు, నానబెట్టేది లేదు. మజ్జిగ తగలగానే సోడా పొంగడం మొదలుపెడుతుంది, కాబట్టి పిండిని మర్దించకుండా వేళ్లతో వదులుగా కలిపి, గుండ్రంగా చేసి, పైన అడ్డంగా, నిలువుగా లోతైన గాట్లు పెట్టాలి. కుండలో బేకింగ్ పేపర్ మీద ఉంచి, మూతపెట్టి 220 డిగ్రీల్లో అరగంట, మూత తీసి ఇంకో పావుగంట. రొట్టె తిరగేసి అడుగున తడితే బోలుగా మోగాలి.

ట్రే మీద కాలిస్తే పైపెచ్చు గట్టిపడేది. కుండలో పల్చగా, కరకరలాడుతూ వస్తుంది, లోపల మర్నాటికీ మెత్తగానే ఉంటుంది. పాతరోజుల్లో ఐరిష్ పల్లెల్లో బాస్టిబుల్ అనే ఇనుప కుండలో, పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టి వంటచెరకులా వాడేది) మంట మీద, మూతపైన కూడా నిప్పులు వేసి ఈ రొట్టె కాల్చేవారు. మన దిబ్బరొట్టె కాల్చినట్టే! అది తెలిశాక నాకీ కుండ మీద ప్రేమ ఇంకా పెరిగింది. మిగిలిన రొట్టె మర్నాడు మటన్ ఇగురులో ముంచుకు తింటే ఆ రుచే వేరు.

ఒక్క విషయంలో మాత్రం కోపం ఉంది. మూత ఆనే అంచు దగ్గర పూత గోరంత పెచ్చు లేచింది. కుండ కింద పడలేదు, దేనికీ తగల్లేదు. కుండ చేసిన కంపెనీకి ఫొటోలు పంపితే అంచులు గ్యారంటీ కిందకి రావని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. అంత డబ్బు పెట్టి కొన్నవాళ్లకి చెప్పే మాటేనా అది? అక్కడ తుప్పు వస్తోంది. కడిగిన వెంటనే తుడిచి, నూనె రాసి పెడుతున్నాను. లోపలి పూత ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఇంట్లో ఒవెన్ రోజూ వెలిగే చలిదేశంలో, నలుగురైదుగురు తినే మా ఇంటికి ఇది సరిపోయింది. స్టూ నిండా ఉన్నప్పుడు దాన్ని ఒవెన్‌లోంచి తియ్యడానికి మావారి సాయం కావాలి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకి కష్టమే. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి కొననా అని అడిగితే, ఒవెన్ లేకపోతే వద్దు, స్టూ వరకైతే కుక్కర్ చాలని చెప్పాను. రొట్టె మీద మనసుంటే మాత్రం, కొనే ముందు అంచు చుట్టూ వేలుపెట్టి తడిమి చూసుకోమన్నాను.