మాల్డీ టాఫ్ కొన్నేళ్లు వాడాక నా మాట: లేజర్ కన్నా మ్యాట్రిక్స్ చూసుకోండి

నెల్లూరులో రొయ్యల రైతుల శాంపిళ్లు చూసే ల్యాబ్ మాది. మాల్డీ టాఫ్ (బ్యాక్టీరియా ప్రోటీన్ల బరువు లేజర్‌తో కొలిచి అది ఏ జాతో చెప్పే మిషన్) కొనొచ్చా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారని రాస్తున్నా. కొనొచ్చు. ఇంతకుముందు ఇందుకూరుపేట వైపు గుంటల నీళ్లొస్తే టీసీబీఎస్ ప్లేట్ (రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాను పెంచే పళ్లెం) మీద ఆకుపచ్చ కాలనీలా, పసుపువా అని చెప్పి రైతుకు టెన్షన్ పెట్టడమే జరిగేది. ఇప్పుడు కాలనీ లేచిందంటే అది ఏ విబ్రియోనో నిమిషాల్లో తెలిసిపోతుంది.

అమ్మేవాళ్లు లేజర్ గొప్పలే చెప్తారు గానీ, అయాన్ (మిషన్ కొలవగలిగే, చార్జ్ ఉన్న కణం) పుట్టేది శాంపిల్ మీద మనం పెట్టే మ్యాట్రిక్స్ అనే రసాయనం చుక్కలో. మేం వాడే మ్యాట్రిక్స్ పేరు హెచ్‌సీసీఏ. 337 నానోమీటర్ల నైట్రోజన్ లేజర్ పల్స్‌ను అదే పీల్చుకుని, కొన్ని నానోసెకన్లలో పైపొర ఎగిరిపోతూ ప్రోటీన్లను కూడా లేపుకుపోతుంది. వాటికి ప్రోటాన్ ఎప్పుడు అంటుకుంటుందన్నది ఇంకా తెగని పంచాయితీ: ఆమ్లంలో కలిపినప్పుడే చార్జ్ వచ్చి, స్ఫటికంలో అలాగే దాక్కుని, ఎగిరాక మిగిలినవే మనకు కనిపిస్తాయని కొందరు, కాదు ముందు మ్యాట్రిక్స్ అయాన్ అయి ఆ ఆవిరిలో ప్రోటీన్‌కు ప్రోటాన్ ఇస్తుందని ఇంకొందరు. రెండూ జరుగుతాయనేవాళ్ల వైపే నేను. ఏదైనా, ఎగిరినదాంట్లో ఎక్కువ భాగం చార్జ్ లేకుండానే పోతుంది. రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే భాగం) ప్రోటీన్లలో లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ, అవి ప్రోటాన్‌ను బాగా పట్టుకుంటాయి, అందుకే 2,000 నుంచి 20,000 డాల్టన్ల (అణువుల బరువు కొలత) మధ్య గ్రాఫ్‌లో లేచే పీకుల్లో చాలావరకు వాటివే.

మాకు అసలు తలనొప్పి ఉప్పు. విబ్రియో పెరగాలంటే అగర్‌లో ఉప్పుండాలి, కాలనీ తీసేటప్పుడు అగర్ కాస్త గీరుకొచ్చినా ప్రోటాన్ బదులు సోడియం ఎక్కి 22 డాల్టన్లు పక్కన ఇంకో పీకు లేస్తుంది, పెద్ద ప్రోటీన్లలో రెండూ కలిసిపోయి మొద్దుగా తయారవుతాయి. స్ఫటికాలు కూడా సరిగా కట్టవు. మంచి చుక్క ఆరాక అంచు నుంచి మధ్య దాకా సన్నటి పసుపు పలుకులు సమానంగా పరుచుకుని ఉంటాయి, ఉప్పు తగిలిన చుక్కలో ఒక మూల గడ్డలు, ఇంకో మూల ఖాళీ. సిగ్నల్ రాలేదని మా కుర్రాళ్లు వెంటనే లేజర్ పవర్ పెంచుతారు. పెంచితే అయాన్లు పెరుగుతాయి, నిజమే, ప్రోటీన్లు విరుగుతాయి కూడా, పీకులు లావెక్కుతాయి. దానికన్నా కాలనీని పలచగా పూసి, 70 శాతం ఫార్మిక్ యాసిడ్ 1 మైక్రోలీటర్ వేసి, ఆరాక మ్యాట్రిక్స్ వేస్తే సగం గొడవ తీరిపోతుంది.

హార్వేయీ, క్యాంప్‌బెల్లీ లాంటి దగ్గరి చుట్టాలైన విబ్రియో జాతుల దగ్గర మిషన్ తడబడుతుంది. ఇంకోటి, రైతు వచ్చి అడిగేది "అన్నా, ఈఎంఎస్ ఉందా లేదా?" అని, అంటే రొయ్య పిల్లల్ని తొందరగా చంపే విబ్రియో జబ్బు. ఆ జబ్బు తెచ్చే విషం జన్యువు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ఉంగరం) మీద ఉంటుంది, మనం చూసే ఈ పీకుల్లో దాని జాడ దొరకదు. కాబట్టి ఇది కొన్నాం కదా అని జన్యువును పట్టి చూపే పీసీఆర్ మిషన్ అమ్మేయొద్దు.