సీడీ20 ప్రొటీన్: డిటర్జెంట్‌లోనా, నానోడిస్క్‌లోనా?

రోగనిరోధక వ్యవస్థకు చెందిన బి కణాల పొరను నాలుగుసార్లు దాటే 297 అమైనో ఆమ్లాల మానవ ప్రొటీన్ సీడీ20. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు అంటుకునేది దీని బయటి పెద్ద వలయానికే. ఆ వలయం ఆకృతి నిలవాలంటే పొరలో ఉండే భాగాలకు ఆధారం కావాలి కనుక, రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో తయారుచేసిన) సీడీ20ని కొనే ప్రయోగశాల మొదట తేల్చుకోవలసింది అది ఏ రూపంలో కావాలన్నదే.

పొర ప్రొటీన్‌ను నీటిలో కరిగించి ఉంచే డీడీఎం వంటి డిటర్జెంట్‌లో ఉన్న ప్రొటీన్ తయారీకి సులువు, ధరలోనూ సాధారణంగా తక్కువ. అయితే ప్రొటీన్‌ను ఉంచే ప్రతి బఫర్ ద్రావణంలోనూ డీడీఎం సుమారు 0.01 శాతానికి తగ్గకుండా చూడాలి. పలుచన చేసేటప్పుడు ఇది మరిస్తే ప్రొటీన్ ముద్దకట్టి అడుగున చేరుతుంది. పైగా సుమారు 50 కిలోడాల్టన్ల కంటే పెద్దవాటిని ఆపే వడపోత గొట్టంలో గాఢత పెంచితే, మైసెల్‌లు (డిటర్జెంట్ అణువుల గుంపులు) కూడా కిందికి జారక ప్రొటీన్‌తోపాటే పేరుకుపోతాయి.

నానోడిస్క్‌లో సీడీ20 చుట్టూ నిజమైన లిపిడ్ పొర, దానికి పట్టీలా ఎంఎస్‌పీ అనే ప్రొటీన్ ఉంటాయి. బఫర్‌లో డిటర్జెంట్ అక్కరలేదు కాబట్టి యాంటీబాడీ బంధాన్ని ఎస్పీఆర్‌తో (చిప్‌పై అణువులు అంటుకోవడాన్ని కాంతితో గమనించే పద్ధతి) కొలవడానికి, ఎలైసాకు (ఆ బంధాన్ని రంగు మార్పుతో చూపే పరీక్ష) నేను దీన్నే ఎంచుకోమంటాను. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ప్రొటీన్ గాఢతను కొలిచే 280 నానోమీటర్ల వద్ద ఎంఎస్‌పీ కూడా కాంతిని గ్రహిస్తుంది, దానికీ నికెల్‌కు అంటుకునే హిస్టిడిన్ ట్యాగ్ ఉంటే నికెల్ చిప్ ఖాళీ డిస్కులనూ పట్టుకుంటుంది. అందుకే ఖాళీ నానోడిస్క్‌ను పోలిక కోసం కంట్రోల్‌గా తప్పక పెట్టాలి. జంతువులకు ఇమ్యునైజేషన్ చేసేవారు ఎంఎస్‌పీపై పుట్టే యాంటీబాడీలను కూడా ఆ డిస్కులతోనే ఏరివేయాలి.