వివక్షపై ఫిర్యాదు: ముందు శాఖకా, నేరుగా చట్టం చూపిన చోటికా? ఏది మేలు?

దేవరకొండ వైపు ఒక మండల స్థాయి కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేసే ఒక అమ్మాయి జూన్ రెండో వారంలో అర్జీ కాపీ పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆ కాగితం నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. అందులో రాసిన సంఘటన, అంటే తోటి సీనియర్ ఉద్యోగి ఆమెతో అసభ్యంగా ప్రవర్తించడం, జనవరి 20న జరిగింది. అర్జీ రాసింది కూడా ఆ వారంలోనే. ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా అని అడిగితే, "మార్చి లెక్కలు అయిపోనియ్యమ్మా, లొల్లి చేసుకోకు, నేను మాట్లాడుతా అన్నరు సార్" అని చెప్పింది. ఆ మాట అన్నది ఆమె పైఅధికారి. ఆ కాపీని నేను అటూ ఇటూ తిప్పి చూశాను. దాని మీద కార్యాలయానికి అందిందని వేసే ఇన్వర్డ్ ముద్ర గానీ, నెంబరు గానీ, కనీసం ఒక పొడి సంతకం గానీ లేవు.

నల్గొండ జిల్లా కార్యాలయాల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన వాడిని కాబట్టి ఇలాంటి కాగితాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. లైంగిక వేధింపులైనా, పదోన్నతిలో అన్యాయమైనా, వివక్షకు గురైన ఉద్యోగి ముందు రెండు దారులు ఉంటాయి. శాఖలోనే పైఅధికారికి రిప్రజెంటేషన్, అంటే రాతపూర్వక అర్జీ, ఇచ్చి జవాబు కోసం ఎదురుచూడడం ఒకటి, చట్టం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన కమిటీకో కమిషన్‌కో కోర్టుకో వెళ్లడం రెండోది. మొదటిది మర్యాదగా, రెండోది తగాదాగా మనవాళ్లకు అనిపిస్తుంది. కానీ గడువు కోణంలో చూస్తే మొదటి దారిలో నడిచేటప్పుడు రెండో దారి తలుపు మెల్లగా మూసుకుపోతూ ఉంటుంది, ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు.

లైంగిక వేధింపుల విషయంలో ఇది అన్నిటికంటే కఠినంగా ఉంటుంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల్లో కార్యాలయంలోని అంతర్గత కమిటీకో జిల్లాలోని స్థానిక కమిటీకో ఫిర్యాదు ఇవ్వాలి, వరుసగా జరిగినవైతే చివరి సంఘటన నుంచి లెక్క వేస్తారు. ఆ గడువులో ఇవ్వలేకపోయిన పరిస్థితులు నిజమేనని నమ్మితే, కారణాలు రాసిపెట్టి కమిటీ మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. ఆపైన పొడిగించే అధికారం కమిటీకి లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఒక విశ్వవిద్యాలయానికి చెందిన అధ్యాపకురాలి కేసులో చివరి సంఘటన 2023 ఏప్రిల్‌లో జరిగితే ఫిర్యాదు డిసెంబరులో అందింది. అది కాలాతీతమేనని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఈ ఒక్క విషయంలో నా సలహాకు మినహాయింపు లేదు. శాఖలో ఎవరు ఎంత మంచిగా మాట్లాడినా, ముందు కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ తర్వాతే మాటలు. ఇస్తే విచారణకు కూడా గడువు ఉంటుంది, దాన్ని 90 రోజుల్లో ముగించాలి. విచారణ నడుస్తుండగా బదిలీ గానీ, మూడు నెలల వరకు సెలవు గానీ ఇప్పించమని కోరే హక్కు కూడా ఆమెకు ఉంటుంది. పైఅధికారికి ఇచ్చే మామూలు అర్జీలో ఇవేవీ దొరకవు.

ఏ కమిటీకి ఇవ్వాలన్నది మరో చిక్కు. పదిమంది కంటే తక్కువ ఉద్యోగులు ఉండి అంతర్గత కమిటీ లేని కార్యాలయమైనా, ఫిర్యాదు యజమాని స్థానంలో ఉన్న అధికారి మీదే అయినా, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. మన దగ్గర 2016లో, మళ్లీ 2019లో జిల్లాలు విడిపోయాక ఇక్కడ పొరపాట్లు పెరిగాయి. నల్గొండలో కాపురం ఉండి సూర్యాపేటలో పనిచేసేవారు, మహబూబ్‌నగర్‌లో ఇల్లు ఉండి నారాయణపేటకో వనపర్తికో రోజూ బస్సులో వెళ్లివచ్చేవారు అలవాటు కొద్దీ పాత జిల్లా కేంద్రానికే కాగితం పట్టుకెళ్తారు. పనిచేసే చోటు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా కమిటీకే ఇవ్వాలి. మూడు నెలల గడువులో రెండు వారాలు తప్పు ఆఫీసు చుట్టూ తిరగడంలో పోతే తిరిగిరావు.

పదోన్నతి, సీనియారిటీ, ఇంక్రిమెంట్ల విషయంలో మాత్రం తూకం మారుతుంది, ఇక్కడ శాఖ దారికే నేను ముందు ఓటు వేస్తాను. కులం వల్లనో, స్త్రీ అయినందువల్లనో, ప్రసూతి సెలవులో ఉన్నందువల్లనో తనను పక్కనపెట్టి జూనియర్‌కు పదోన్నతి ఇచ్చారని అనుకునే ఉద్యోగి నేరుగా హైకోర్టుకు వెళ్తే, శాఖకు రాసుకున్నారా అన్నదే అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న. అందుకే ఒక రిప్రజెంటేషన్, అది కూడా ఉత్తర్వు నెంబరు, తేదీ, తన సీనియారిటీ క్రమసంఖ్య వేసి రాసింది, తప్పనిసరి. ఒక్కటి చాలు, మహా అయితే ఒక రిమైండర్. ఏడాదికొకటి చొప్పున పదేళ్లు అర్జీలు పెట్టినవారిని నేను చూశాను. చట్టంలో లేని అర్జీలు మళ్లీ మళ్లీ పెట్టినంత మాత్రాన గడువు పెరగదని సుప్రీంకోర్టు 1989లోనే ఎస్.ఎస్. రాథోర్ కేసులో చెప్పింది. పాత అర్జీని పరిశీలించమని కోర్టు ఆదేశించి, దానికి శాఖ జవాబిచ్చినా, చచ్చిపోయిన హక్కుకు ఆ జవాబుతో ప్రాణం రాదని 2008లో సి. జాకబ్ కేసులో మరింత స్పష్టంగా చెప్పింది.

రాష్ట్ర ఉద్యోగులు, కేంద్ర ఉద్యోగులు ఇక్కడ విడిపోతారు. నల్గొండ పోస్టాఫీసులోనో మహబూబ్‌నగర్ రైల్వే స్టేషన్‌లోనో పనిచేసేవారికి హైదరాబాద్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఉంది. తుది ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఏడాదిలో వెళ్లాలి, అప్పీలు పెట్టుకొని ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఆ ఆరు నెలలు ముగిసిన నాటి నుంచి ఏడాది. లెక్క కాగితం మీద స్పష్టంగా ఉంది. రాష్ట్ర ఉద్యోగులకు ఆ సౌకర్యం లేదు. పాత ఉమ్మడి రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ పరిధి నుంచి తెలంగాణ 2016లో బయటికి వచ్చింది కనుక, మనం నేరుగా హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్, వేయాలి. రిట్‌కు చట్టంలో గడువు లేదు అని విని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది ప్రమాదకరమైన నిశ్చింత. జూనియర్‌కు పదోన్నతి ఇచ్చారని బాధపడే ఉద్యోగి ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో కోర్టుకు రావాలని 1974లో సదాశివస్వామి కేసులో సుప్రీంకోర్టు అన్న మాటను ప్రభుత్వ న్యాయవాదులు ఇప్పటికీ కౌంటర్లలో, అంటే కోర్టుకు ఇచ్చే జవాబుల్లో, చూపిస్తారు. అందుకే నేను శాఖకు మూడు నెలలకు మించి సమయం ఇవ్వవద్దంటాను. జీతం తక్కువ కట్టడం లాంటి, ప్రతి నెలా కొనసాగే అన్యాయానికి మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఆలస్యమైనా కేసు నిలుస్తుంది, కానీ బకాయిలు సాధారణంగా మూడేళ్లకే పరిమితం చేస్తారు.

కమిషన్ల సంగతి కొంత వేరు. ఖర్చు లేదు, వకీలు అక్కరలేదు, కాబట్టి మనవాళ్లు ముందు అటే చూస్తారు. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది గడువు ఉంది, పైగా జాతీయ కమిషన్ ఉద్యోగ సర్వీసు విషయాలను మామూలుగా తీసుకోదు. ఎస్సీ, ఎస్టీ కమిషన్లు ఫైళ్లు తెప్పించగలవు, అధికారులను పిలిపించి అడగగలవు, ఆ ఒత్తిడికి విలువ ఉంది. కానీ పదోన్నతి ఉత్తర్వును నిలిపివేసే అధికారం జాతీయ ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. కమిషన్‌లో అర్జీ ఉంది కదా అని హైకోర్టును వాయిదా వేసుకోవడం తప్పు. కార్యాలయంలో నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే అది కమిషన్ వరకు ఆగవలసిన విషయం కూడా కాదు. అది ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఐదేళ్ల వరకు శిక్ష పడే నేరం. ఆ రోజే పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం మేలు, ఎందుకంటే చూసిన తోటి ఉద్యోగుల జ్ఞాపకం కంటే ముందు వారి ధైర్యం సడలుతుంది.

దివ్యాంగ ఉద్యోగులకు మాత్రం శాఖ దారే బలమైనది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో దాన్ని విచారించాలి. తృప్తి కలగకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. ఆ అధికారి పేరు బోర్డు మీద లేకపోతే సంస్థ అధిపతి పేరనే రాసి ఇవ్వమని చెబుతున్నాను.

ఏ దారి అయినా కాగితానికి తేదీ లేకపోతే అది అర్జీ కాదు. తపాలా సెక్షన్‌లో రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి, వేయకపోతే అక్కడి నుంచే పోస్టాఫీసుకు నడవాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక స్పీడ్ పోస్టు రసీదే ఇప్పుడు మన సాక్ష్యం.

ఆ అమ్మాయి వచ్చిన నాటికి మూడు నెలలు ఎప్పుడో దాటాయి, ఆరో నెల ముగియడానికి ఐదు వారాలు మిగిలాయి. వాళ్ల ఆఫీసులో ఉన్నది ఏడుగురే కాబట్టి స్థానిక కమిటీకే రాశాం. ఎందుకు ఆలస్యమైందో దాచకుండా, పైఅధికారి ఏ రోజు ఏమన్నాడో ఆమె మాటల్లోనే రెండు పేజీలు రాయించాను, ఎందుకంటే గడువు పొడిగించడానికి కమిటీకి కావలసింది ఆ కారణమే. నిబంధన ప్రకారం ఆరు ప్రతులు ఇవ్వాలి, మేం ఏడు తీయించాం. మరునాడు కలెక్టరేట్ నుంచి బయటికి వచ్చి ఆమె నాకు ఫోన్ చేసి ఏడో ప్రతి మీద ఉన్న ముద్రను అక్షరం అక్షరం చదివి వినిపించింది. తేదీ దగ్గరికి వచ్చాక ఇంకోసారి చదవమన్నాను.